కండక్టరు: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

గడచిన వర్షకాలములో నొకనాడు మేము ఎనిమిదవ తరగతివారికి విద్యుత్తును గూర్చి పాఠము చెప్పుచుంటిమి. రాగితీగ, ఇనుపమేకు, వెదురుపుల్ల, రబ్బరుముక్క మొదలగు వస్తువులను బల్లపై వరుసగా నుంచి, "కండక్టరు అనగా నేమి?" అని ప్రశ్నించితిమి. వెనుకవరుసలో కూర్చుండు ఒక బాలుడు, సామాన్యముగా నోరు విప్పనివాడు, ఆనాడు తటాలున లేచి, "బస్సులో టిక్కెట్లిచ్చువారండీ" అని బదులు చెప్పెను. తరగతి యంతయు గొల్లుమనెను. ఆ నవ్వులో మా నవ్వును గలిసినదని ఒప్పుకొనుచున్నాము. అంతలో నెవరో, "వాళ్ళ నాన్నగారు కండక్టరు గదండీ" అని ఎత్తిపొడిచిరి. మఱల నవ్వు లేచినది. బాలుడు తల వంచుకొని కూర్చుండెను. ఆ వారమంతయు వాడు తిరిగి చెయ్యెత్తలేదు.

పాఠము ముగిసినది గాని మా మనస్సునకు నెమ్మది కలుగలేదు. ఆ సాయంకాలము గవర్నరుపేటలో పాత బస్సుస్టాండు మీదుగా ఇంటికి నడచుచుండగా, ఒక సిటీబస్సు మెట్టుపై నిలిచి కండక్టరొకడు ముసలమ్మ గంపను లోనికందుకొనుట చూచితిమి. ఇంటికి చేరి నిఘంటువులు విప్పితిమి. విప్పిన కొలదిని మాకు సిగ్గు కలిగినది. ఆ బాలుని సమాధానము విజ్ఞానశాస్త్రపు ప్రశ్నకు చాలకపోవచ్చును. మాటను గూర్చిన ప్రశ్నగా తీసికొన్నచో, వాడు మాకంటె మూలమునకు దగ్గఱగా నుండెను. తరగతిలో జరిగిన పొరపాటును తరగతిలో దిద్దుకొంటిమి. ఐనను అట్టి నవ్వు ఒక్క తరగతిలో పుట్టి ఒక్క తరగతిలో అణగునది కాదు గనుక, ఈ సంచికయందు మాట యొక్క చరిత్రను కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

తోడ్కొనిపోవువాడు

కండక్టరు అను మాట లాటిను భాషనుండి వచ్చినది. 'కోన్' అనగా కూడ, తోడుగా. 'దూకెరె' అనగా నడిపించుట, తీసికొనిపోవుట. మన తెలుగు 'దూకు'తో దీనికి చుట్టఱికము లేదు; చెవికి మాత్రమే పోలిక. రెండును గలిసి 'కొండూకెరె' అయినది. దీనికి తెలుగున సరియగు మాట కావలెనన్నచో వెదకనక్కఱలేదు. మన యిండ్లలో దినదినము వాడు 'తోడ్కొనిపోవుట' అదియే. 'తోడు' అనునది 'కోన్'నకు, 'కొనిపోవుట' యనునది 'దూకెరె'కు బదులుగా నిలుచుచున్నవి. కావున కండక్టరు అనగా, మొట్టమొదటి అర్థమున, తోడ్కొనిపోవువాడు. ముందు నిలిచి ఆజ్ఞాపించువాడు కాడు. వెనుకనుండి తోలువాడు కాడు. తానును గూడ వచ్చి దారి దాటించువాడు.

'దూకెరె' సంతానము మిక్కిలి పెద్దది. సైన్యమును నడుపువాడు కనుక 'డ్యూకు'. లోపలికి తోడ్కొనిపోవునది కనుక గ్రంథమునకు ముందుండు 'ఇంట్రొడక్షను'. ముందునకు తెచ్చువాడు కనుక చలనచిత్రముల 'ప్రొడ్యూసరు'. బీసెంటురోడ్డు దుకాణముల ముంగిట పండుగలనాడు వ్రేలాడు 'రిడక్షను' అను పలకకు గూడ మూలార్థము వెనుకకు తెచ్చుటయే, తెచ్చునది ధరను. 'ఎడ్యుకేషను' అను మాట సయితము ఈ కుటుంబమునకు చెందినదే. అది పిల్లలను పెంచి పైకి తెచ్చుట యను అర్థముగల లాటిను క్రియనుండి పుట్టినది. ఆ లెక్కను పాఠశాలయు బస్సును ఒకే యింటి మాటలలో పుట్టి పెరిగినవి.

సంస్కృతమునందు 'నీ' అను ధాతువు ఇట్టి పనినే చేయుచున్నది. దానికిని నడిపించుట, కొనిపోవుట యని యర్థము. నడిపించువాడు నేత, నాయకుడు. మనలను దారి నడిపించునది గనుక కన్ను నయనమైనది. నాట్యమునందలి భావమును చూపఱ వైపునకు కొనిపోవునది అభినయము. బాలుని గురువు దగ్గఱకు కొనిపోవుట ఉపనయనము. అగ్ని చుట్టును వధువును నడిపించుట పరిణయము. రోమనులు సయితము పెండ్లియాడుటను 'భార్యను తోడ్కొనిపోవుట' యనియే పలికెడివారు. చక్కగా నడిపింపబడినవాని గుణము వినయము. విద్యకును వినయమునకును గల పొత్తును పెద్దలు పదేపదే చెప్పుట విద్యార్థు లెఱుగుదురు. ఆ పొత్తు మాటల వేళ్ళలోనే యున్నదని దీనివలన తెలియుచున్నది.

దండును, తోటయు

ఈ మాట మొదట మనుష్యులకు చెల్లినది. ఇంగ్లండులో 1327వ సంవత్సరపు శాసనమొకదానియందు, సైనికులను వారి జిల్లాలనుండి దండు కూడు చోటికి తోడ్కొనిపోవువారి ప్రసక్తి ఈ మాటతోనే కనబడుచున్నది. తరువాత ఆయుధములు, మందుగుండు, ధాన్యము మొదలగు సరకులను సేన వెంట భద్రముగా చేర్చు ఉద్యోగికి ఇది పదవినామమైనది. 1879లో బ్రిటిషు సైన్యమునందు దీనిని రాజాజ్ఞ మూలముగా వారంటు ఉద్యోగముగా స్థిరపఱచిరి. ఈస్టిండియా కంపెనీవారి సైన్యములలోను ఆయుధాగారములందు కండక్టరులు ఉండెడివారు. వారు యుద్ధము చేయించువారు కారు. కావలసిన వస్తువు కావలసిన చోటికి చేరునట్లు చూచువారు.

ఈ మాటను మనవారు మఱియొక చోట కష్టముతో నేర్చుకొనిరి. తెలుగుదేశమునుండి సముద్రము దాటి మలయా దేశపు రబ్బరుతోటలకును కొబ్బరితోటలకును కూలికి పోయినవారు అనేకులు. అచ్చట తోటపనిని చూచి, కూలివారి హాజరు గమనించి, పనిని పంచియిచ్చు ఉద్యోగిని కండక్టరని పిలిచెడివారు. సింహళమునందలి తోటలలోను ఈ పేరే వాడుక. బస్సులో ప్రయాణికుల కెదురుపడు కండక్టరు వేఱు, తెల్లవాఱకముందే వరుసలో నిలుపు ఈ కండక్టరు వేఱు. తోడ్కొనిపోవువాడను పేరుగలవా డెల్లప్పుడును తోడుగా నుండెనని చెప్పజాలము. పేరు మంచిదైనంతమాత్రమున పని మంచిది కాదు. పేరునకు తగినట్లు నడచుకొన్నపుడే దానికి విలువ.

తీగకు ఆ పేరెట్లు వచ్చినది?

మనుష్యునికి చెల్లిన యీ పేరు తీగకు సంక్రమించుట పదునెనిమిదవ శతాబ్దిలో జరిగినది. ఆ కథ విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అను నతడుండెను. అతడు అద్దకపు పనివాడు, ధనవంతుడు కాడు. గాజుగొట్టమును చేతితో రుద్దినచో అది ఈకలను, సన్నని రేకులను ఆకర్షించునని అప్పటికే తెలియును. ఆ శక్తి గొట్టమునందే నిలుచునా, మఱియొక వస్తువునకు ప్రాకునా యని గ్రే యోచించెను. 1729లో అతడును, వీలరను మిత్రుడును జనపదారమును పొడవుగా సాచి, పట్టుదారపు ఉరులతో వ్రేలాడగట్టి, ఒక కొనను గొట్టమునకు తగిలించి పరీక్షించిరి. శక్తి రెండవ కొనకు చేరినది. ఒక పర్యాయము పట్టుదారము బరువునకాగక తెగిపోగా, దానికి బదులు సన్నని యిత్తడితీగతో కట్టిరి. శక్తి కొనకు చేరలేదు. ఇత్తడితీగ వెంట ప్రక్కకు జాఱిపోయినది. సన్నదనము కాదు, పదార్థమే ముఖ్యమని వారికపుడు తెలిసినది. పట్టు ఆపునది, ఇత్తడి కొనిపోవునది. ఈ విధముగా వారు 700 అడుగులకు మించిన దూరము విద్యుత్తును పంపగలిగిరి.

మఱుసటి సంవత్సరము, 1730లో, గ్రే ఇంకొక పరీక్ష చేసెను. ఒక బాలుని పట్టుత్రాళ్ళతో గాలిలో వ్రేలాడునట్లు పడుకొనబెట్టి, వాని కాళ్ళ దగ్గఱకు రుద్దిన గొట్టమును తెచ్చెను. వాని ముఖమువద్ద నుంచిన పలుచని లోహపు రేకులు ఎగిరి వాని వైపునకు వచ్చినవి. బాలుని దేహమునుండి విద్యుత్తు నడచినది! కావున తీగలకు ఈ పేరు పెట్టుటకు ముందే, అందఱును చూచుచుండగా ఒక బాలుడే కండక్టరైనాడు. మా తరగతిలోని బాలుని సమాధానమునకు మేము నవ్వునాటికి ఈ సంగతి మాకు జ్ఞప్తికి రాకపోవుట మా లోపము.

ఇట్లు విద్యుత్తును కొనిపోవు పదార్థములకు కండక్టరులను పేరును వాడుకలోనికి తెచ్చినవాడు డెసాగులియర్సు. ఇతడు ఫ్రాన్సున బుట్టి ఇంగ్లండున పెరిగిన క్రైస్తవ గురువు. న్యూటనునకు సహాయుడుగా ప్రయోగములు చేసి చూపినవాడు. ఇది 1740 ప్రాంతపు మాట. కొనిపోనీయని పదార్థమునకు 'ఇన్సులేటరు' అను పేరు వచ్చినది. లాటినులో 'ఇన్సుల' అనగా దీవి. నాలుగు వైపుల నీరుండుటచే దీవికి రాకపోకలు నిలిచినట్లు, ఈ పదార్థము చుట్టుకొన్న తీగనుండి విద్యుత్తు బయటికి పోజాలదు. కృష్ణ రెండు పాయలై సముద్రమున గలియుచోట మన దివిసీమ యున్నది. దాని పేరును దీవినిబట్టి వచ్చినదే. వంతెనలు లేని దినములలో దివివారు రేవు దాటుటకు పడిన పాట్లు పెద్దలు చెప్పగా వినిన విద్యార్థికి ఇన్సులేటరు అనుదాని యర్థము మఱవరాదు.

తెలుగు గ్రంథకర్తలు కండక్టరును వాహకమనిరి. సంస్కృతమున 'వహ్' అనగా మోయుట. వాహనము, ప్రవాహము, వివాహము అనునవి దానినుండి పుట్టినవే. చిత్రమేమనగా, తీగ వాహకము, బస్సు వాహనము. ఇంగ్లీషున వలెనే తెలుగునను తీగయు బస్సును ఒక తల్లి బిడ్డలే యైనవి.

వాహకములలో వెండి మొదటిది, రాగి రెండవది. ఇండ్లలోని తీగలకు రాగి యుక్తము. ఊళ్ళమీదుగా పోవు పెద్ద లైనులకు అల్యూమినియమును వాడుదురు. అది రాగియంత చక్కని వాహకము కాకున్నను బరువున దానిలో మూడవవంతు మాత్రమే. బలము చాలదు గనుక నడుమ ఉక్కుతీగను చేర్తురు. ఇబ్రహీంపట్టణము దగ్గఱి థర్మల్ విద్యుత్కేంద్రమునుండి బయలుదేఱు లైనులను చూచినచో, ఇనుపస్తంభములకు వ్రేలాడు గాజు లేక పింగాణి పళ్ళెముల వరుసలు కనబడును. తీగ కండక్టరు, ఆ పళ్ళెములు దీవులు. మన విద్యుచ్ఛాఖ పనివారు స్తంభములపై తీగను నేటికిని 'కండక్టరు' అనియే పిలుతురు. 'కండక్టరు తెగినది' అని వారనగా విని బస్సు మనిషికేదో ప్రమాదము జరిగినదని భయపడనక్కఱలేదు. గాని వేఱొక భయము వలయును. గాలివానల తరువాత తెగిపడిన తీగను ఎవ్వరును తాకరాదు. మన డెల్టాలో నేల తడి, తడినేల వాహకము, గ్రే పరీక్షలోని బాలునివలె మన దేహమును వాహకమే. దూరముగా నిలిచి, ఇతరులను నిలిపి, శాఖవారికి తెలుపవలెను.

1911లో హాలెండు దేశస్థుడగు కామర్లింగ్ ఓన్నెస్సు పాదరసమును సున్నకు క్రింద సుమారు 269 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు చల్లార్పగా దానిలో విద్యుత్తునకు ఆటంకమే లేకపోయినది. అట్టివానికి అతివాహకములని పేరు. వాహకమునకును బంధకమునకును నడుమనుండు సిలికాను వంటివి అర్ధవాహకములు. నేటి కంప్యూటరులు, చేతిఫోనులు అన్నియు వానిపై నాధారపడినవి. ఒక మాట ఎంత దూరము ప్రయాణము చేసినది!

నీటిదారి

ఇదే కుటుంబములో 'ఆక్విడక్టు' అను మాట కలదు. నీటిని కొనిపోవు కట్టడమని యర్థము. కాలువ నొక నదీపాయపైగా దాటింపవలసివచ్చినపుడు కట్టు నీటివంతెన యిది. కోనసీమలోని గన్నవరమున (మన విమానాశ్రయమున్న గన్నవరము కాదు) గోదావరి పాయమీదుగా కాలువను దాటించిన 49 కమానుల కట్టడము పందొమ్మిదవ శతాబ్ది నడుమ నిర్మింపబడినది. ఆ పనిలో హేగను ఇంజనీరునకు కుడిచేయిగా నిలిచినవారు వీణెము వీరన్నగారు. మన విజయవాడలో 1855లో ముగిసిన ఆనకట్టయు, దాని తరువాత 1957లో వచ్చిన ప్రకాశము బ్యారేజియు, అచ్చటినుండి ఊరినడుమగా పోవు ఏలూరు, రైవిసు, బందరు కాలువలును ఇట్టి తోడ్కొనిపోవు పనినే చేయుచున్నవి. కృష్ణ తనంతట తాను సముద్రమునకు పోవును. పొలమునకు పోవలెనన్నచో తోడ్కొనిపోవువా రుండవలెను.

కూచిపూడి తాళము

సంగీతబృందము ముందు చేతికఱ్ఱతో నిలుచువానిని సయితము కండక్టరందురు. పూర్వము ఐరోపాలో వాద్యము వాయించువారిలో నొకడే తలయూపి తక్కినవారిని నడిపించెడివాడు. ఫ్రెంచి రాజు ఆస్థానమున లుల్లీ యను విద్వాంసుడు బరువైన కఱ్ఱతో నేలను కొట్టి లయ చూపుచు, 1687లో ఆ కఱ్ఱ పొరపాటున కాలిపై పడి గాయము విషమింపగా మరణించెను. తరువాత పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకములలో తేలికయగు చిన్న కఱ్ఱ వాడుక అయినది. నేటి ప్రసిద్ధ కండక్టరులలో జుబిన్ మెహతాగారు 1936లో బొంబాయిలో జన్మించినవారు. గమనింపదగిన విషయ మొకటి గలదు: బృందములో కండక్టరొక్కడే ఏ ధ్వనియు చేయడు. ఐనను నూఱుమంది శ్వాసను ఒకటిగా చేయువాడతడే.

దీనికై మనము ఐరోపా వఱకు పోనక్కఱలేదు. మొవ్వ మండలములోని కూచిపూడి ఇచ్చటికి ఒక పూట ప్రయాణము. కూచిపూడి భాగవతులలో సూత్రధారుడు తాళములు చేతబట్టి, పాట నెత్తికొని, జతులు చెప్పుచు, పాత్రలను రంగమునకు తోడ్కొనివచ్చును. పాత్ర ప్రవేశించినది మొదలు నిష్క్రమించువఱకు అతని కన్ను నర్తకుని పాదముపై నుండును. సూత్రధారుడనగా దారమును పట్టుకొన్నవాడు. పూసలు మెఱయును, దారము కనబడదు.

అందఱి బండి

ఇంక బాలుని సమాధానమునకు వత్తము. 1829 జూలై 4వ తేదీన లండనులో షిల్లిబీరను నతడు మూడు గుఱ్ఱములు లాగు పెద్దబండిని నడిపెను. అందులో 22 మంది కూర్చుండవచ్చును. దానికి 'ఆమ్నిబసు' అని పేరు. ఇదియు లాటినే, 'అందఱికొఱకు' అని యర్థము. మనము 'బస్సు' అనునది ఆ మాటకు తోకమాత్రమే. ముందుగా బాడుగ మాటాడుకొన్న ధనికునికే కాక, దారిలో చెయ్యెత్తిన ప్రతివానికిని చోటిచ్చుటయే దానిలోని క్రొత్తదనము. అట్లు చోటిచ్చుటకు తోలువాడొక్కడు చాలడు. అతని కన్ను గుఱ్ఱములపై నుండవలెను. ఎక్కువారిని, దిగువారిని, డబ్బును, తగవులను చూచుటకు మఱియొకడు వెనుక మెట్టుపై నిలిచెను. మొదట అతనిని జనులు 'క్యాడు' అని చులకనగా పిలిచిరి. కొలది సంవత్సరములలోనే 'కండక్టరు' అను గౌరవనామము వచ్చినది. చులకన పేరును వదలి గౌరవనామము నిచ్చుటకు వారికి కొన్నియేండ్లు పట్టినది. మనము ఆ గౌరవనామమునే మఱల చులకన చేసితిమి!

మద్రాసులో 1895 మొదలు 1953 వఱకు నడచిన ట్రాములలో కండక్టరులుండిరి. 1932లో నిజాము ప్రభుత్వము 27 బస్సులతో రోడ్డు రవాణాశాఖను ప్రారంభించెను. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. అప్పటికి మన జిల్లాలో బస్సులు ప్రైవేటు యజమానులవి. వానిని సంస్థ పరము చేయు ప్రణాళికపై యజమానులు సుప్రీంకోర్టునకు పోగా, 1958లో ఆ కోర్టు, అభ్యంతరములను విన్నవాడొకడు, నిర్ణయించినవాడు మఱియొకడు నగుట న్యాయము కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని చదువుచున్నారు. కృష్ణాజిల్లా బస్సులు దేశమునకు నేర్పిన పాఠమది. 2020 జనవరి 1 నుండి సంస్థ ఉద్యోగులు రాష్ట్రప్రభుత్వోద్యోగులైరి.

చట్టము సయితము కండక్టరు పనిని నిర్వచించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఛార్జీలు వసూలు చేయుట యొక్కటియే అతని పని కాదు. ప్రయాణికులు ఎక్కుటను దిగుటను క్రమపఱచుటయు అతని బాధ్యతయే. అందులకు లైసెన్సు కావలెను, పదునెనిమిదేండ్లు నిండియుండవలెను. పూర్వము రంగురంగుల టిక్కెట్ల పెట్టె చంకను బెట్టుకొని, ఒక్కొక్కటి చించి రంధ్రము వేసి యిచ్చెడివారు. ఇపుడు చేతియంత్రము టిక్కెట్టును అచ్చువేయుచున్నది. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రములో స్త్రీశక్తి పథకము వచ్చిన పిదప, స్త్రీలకు డబ్బు లేని టిక్కెట్టును సయితము కండక్టరే యిచ్చుచున్నాడు. కొన్ని బస్సులలో కండక్టరు లేక డ్రైవరే టిక్కెట్లిచ్చుట మీరు చూచియుందురు. అట్టి బస్సు గమ్యమును చేరును. కాని చంటిబిడ్డతో ఎక్కిన తల్లికి చోటిప్పించువా రుండరు. చలనచిత్రము లభిమానించు విద్యార్థు లొక సంగతి వినుడు: రజనీకాంతుగారు నటుడు కాకపూర్వము బెంగుళూరు నగర బస్సులలో కండక్టరుగా నుండిరి, ఆ సంగతిని ఆయన ఎన్నడును దాచలేదు.

నడత

ఇంకొక్క మాట చెప్పి విరమింతుము. పాఠశాల విడిచిపోవు విద్యార్థికి మేమిచ్చు కాగితములలో 'కాండక్టు సర్టిఫికెట్టు' ఒకటి. కాండక్టు అనగా నడత. ఇదియు కండక్టరు అను మాటకు తోబుట్టువే: తన్ను తాను నడిపించుకొనుట. మన తెలుగునను నడచుటనుండియే నడత, నడవడి వచ్చినవి. ఆ కాగితముపై 'సంతృప్తికరము' అని వ్రాయునపుడు ఇకమీదట మాకొక ప్రశ్న తోచును: ఈ బాలుడు తన్ను తాను చక్కగా నడిపించుకొనెనా యని మాత్రమే కాదు, తనతో మఱియొకని తోడ్కొనిపోయెనా యని. అద్దె బండిలో ఒంటరిగా పోవువానికిని, అందఱి బండిలో మెట్టుపై నిలిచినవానికిని గల భేదమిదియే.

డిసెంబరు మాసమున మా విద్యార్థులను కూచిపూడికి తీసికొనిపోయితిమి. తిరుగు ప్రయాణమున ప్రొద్దు గ్రుంకినది. ఉపాధ్యాయులము హాజరు పిలిచి, అందఱును ఎక్కిరనుకొని, బస్సును కదల్పుమని చెప్పితిమి. ద్వారమువద్ద నిలిచిన ఆ బాలుడు, ఎవరును చెప్పకయే తలలు లెక్కించుకొనుచు, "ఒకరు తక్కువండీ" యనెను. ఆఱవ తరగతి పిల్లవా డొకడు నీళ్ళకుళాయివద్ద నుండిపోయెను. వానికి బదులు వాని స్నేహితుడు హాజరు పలికెనట. ఈ బాలుడు దిగి పరుగెత్తి, చేయిపట్టుకొని వానిని తోడ్కొనివచ్చి, ముందు వాని నెక్కించి, తరువాత తానెక్కి, "రైట్" అనెను. బస్సు కదలినది.

తలిదండ్రులకును విద్యార్థులకును మాదొక విన్నపము. ఎవని తండ్రి పనినైనను ఎత్తిపొడుపు మాటగా వాడకుడు. బస్సెక్కునపుడు చిల్లర సిద్ధముగా నుంచుకొనుడు. మెట్టుపై వ్రేలాడకుడు. దిగునపుడు ఆ తోడ్కొనివచ్చినవానికి ఒక మంచిమాట చెప్పుడు. మా వంతుగా మేమును ఇకమీదట ప్రశ్నను సరిగా అడుగ నేర్చుకొందుము.